ఫాల్‌ఫూరియస్ చెక్‌పోస్టుకి ఇవతల

మా అమ్మ అడిగినవాళ్ళందరికీ నేను అమెరికాలో షుగరు డాక్టర్నని చెప్తుంది. అబద్ధమేమీ కాదు. టెక్సాస్ దక్షిణపు కొసన, మెక్సికో సరిహద్దు నదికి కాస్త ఇవతల, ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్లో ఫ్యామిలీ డాక్టరుగా పనిచేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పులు, గర్భిణులు, పిల్లల టీకాలు. అమ్మ చెప్పకుండా దాటేసే రెండో సగం హెచ్‌ఐవీ. హెచ్‌ఐవీతో బతుకుతున్న పేషెంట్లను నేను చూస్తాను. వాళ్ళను చూడటానికి వెనకాడే తోటి డాక్టర్లకి నేర్పడం కూడా ఇప్పుడు నా పనిలో భాగం. ఈ పోస్టు ఆ నేర్పడం గురించి.

ముందు ఊరి సంగతి. మా ప్రాంతాన్ని రియో గ్రాండే వ్యాలీ అంటారు. పేరుకే లోయ, నిజానికి బల్లపరుపు డెల్టా నేల. మెకాలెన్, ఎడిన్‌బర్గ్, హార్లింజెన్, బ్రౌన్స్‌విల్ ఇక్కడి పెద్ద ఊళ్ళు. నారింజ తోటలు, గ్రేప్‌ఫ్రూట్ తోటలు, ఉల్లి, జొన్న. చెరకు కూడా ఉండేది. నీళ్ళు చాలక 2024లో టెక్సాస్‌లోని ఆఖరి చక్కెర మిల్లు ఇక్కడే మూతపడింది. (ఆ వారం క్లినిక్‌కి వచ్చిన రైతుల మాటలు వింటుంటే మా తాతగారి ఊరి అరుగు మీద కూర్చున్నట్టే ఉంది.) పదిమందిలో తొమ్మిదిమంది హిస్పానిక్, ఎక్కువమందిది మెక్సికో మూలం. కొన్ని కుటుంబాలు టెక్సాస్ ఇంకా మెక్సికోలో భాగంగా ఉన్న రోజుల నుంచీ ఇక్కడే ఉన్నాయి. కొందరు నిన్నగాక మొన్న వచ్చారు. ఊరి పొలిమేర దాటితే కొలోనియాలు మొదలవుతాయి. ఏ మునిసిపాలిటీ కిందికీ రాని ప్లాట్లలో జనం సొంతంగా కట్టుకున్న వాడలు. కొన్నింటిలో ఇప్పటికీ వానొస్తే కారు దిగి మోకాలి లోతు నీళ్ళలో నడవాల్సిందే.

ఇక చెక్‌పోస్టు. మెకాలెన్ నుంచి హైవే 281 మీద ఉత్తరంగా గంటకు పైగా పోతే ఫాల్‌ఫూరియస్ దగ్గర బోర్డర్ పెట్రోల్ వాళ్ళ చెక్‌పోస్టు వస్తుంది. బ్రౌన్స్‌విల్ వైపు నుంచి హైవే 77 పట్టుకుంటే సరీటా దగ్గర ఇంకోటి. సరిహద్దుకి అంత లోపల, అమెరికా గడ్డ మీదే, ఉత్తరానికి పోయే ప్రతి కారూ ఆగి తీరాలి. నేను జే-1 వెయివర్ (డాక్టర్లు తక్కువున్న చోట పనిచేస్తే విదేశీ డాక్టర్లని ఇక్కడ ఉండనిచ్చే ఏర్పాటు) ఉద్యోగంలో చేరిన కొత్తలో, హెచ్-1బీ మీద ఉన్నప్పుడు, పాస్‌పోర్టూ, వీసా స్టేటస్ ఆమోదించినట్టు చూపే ఐ-797 కాయితమూ డాష్‌బోర్డు మీద పెట్టుకుని వెళ్ళేదాన్ని. అన్నీ సక్రమంగా ఉన్న నాకే అక్కడ గొంతు ఎండిపోయేది. కాయితాలు లేనివాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ళ ప్రపంచం నదికీ చెక్‌పోస్టుకీ మధ్యనున్న ఈ ముక్క మాత్రమే. శాన్ ఆంటోనియో ఇక్కడికి 240 మైళ్ళు. పెద్ద ఆస్పత్రులు, పెద్ద స్పెషలిస్టులు అక్కడున్నారు.

అందుకే ట్రైనింగ్‌లో కొత్త డాక్టర్లకి నేను మొదట చెప్పేది ఒకటే: మీరు రాసే రిఫరల్ కాయితం ఆ చెక్‌పోస్టు దాటదు.

వ్యాలీలో హెచ్‌ఐవీ క్లినిక్కులు లేకపోలేదు. రయన్ వైట్ చట్టం కింద వచ్చే ఫెడరల్ నిధులతో నడిచేవి ఉన్నాయి, వాళ్ళ పని నాకు గౌరవం. కానీ చిన్న ఊళ్ళలో ఆ బిల్డింగ్ ఏమిటో అందరికీ తెలుసు. పార్కింగ్‌లో ఎవరి పికప్ ట్రక్కు ఆగి ఉందో కూడా అందరికీ తెలుస్తుంది. మా క్లినిక్ గుమ్మంలోకి మనిషి వస్తే పంటినొప్పికో, పిల్లాడి దగ్గుకో, షుగరు మాత్రలకో అనుకుంటారు. ఆ మరుగు వేరే ఎక్కడా దొరకదు.

కొన్ని లెక్కలు చెప్పి ముందుకెళ్తాను. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా ప్రకారం 2022లో అమెరికాలో కొత్తగా హెచ్‌ఐవీ సోకినవాళ్ళు సుమారు 31,800 మంది. దేశ జనాభాలో హిస్పానిక్‌లు ఐదో వంతుకి కాస్త తక్కువ. కొత్తగా సోకినవాళ్ళలో మాత్రం దాదాపు మూడో వంతు. 2018 నుంచి 2022 దాకా దేశం మొత్తం మీద కొత్త కేసుల అంచనా 12 శాతం తగ్గింది, వీళ్ళలో ఆ తగ్గుదల కనిపించలేదు. సోకకుండా ముందుగానే వేసుకునే ప్రెప్ మందు సంగతి ఇంకా అన్యాయం. అదే సంవత్సరం లెక్కల్లో, ప్రెప్ అవసరమున్న తెల్లవాళ్ళలో 94 శాతానికి ప్రిస్క్రిప్షన్ అందితే హిస్పానిక్‌లలో 24 శాతానికి అందింది. 2019లో ఫెడరల్ ప్రభుత్వం హెచ్‌ఐవీని అంతం చేస్తామని 48 కౌంటీలను ఎంచుకుంది. టెక్సాస్ నుంచి హ్యూస్టన్, డాలస్, ఫోర్ట్‌వర్త్, శాన్ ఆంటోనియో, ఆస్టిన్ ఉన్న కౌంటీలకి చోటు దొరికింది. ఐదూ చెక్‌పోస్టుకి అవతలివే.

మరి ఇవతలివాళ్ళని చూసేదెవరు? మాలాంటి ఫ్యామిలీ డాక్టర్లు, నర్స్ ప్రాక్టీషనర్లు. వాళ్ళకి నేర్పడానికి అమెరికాలో ఒక పాత ఏర్పాటుంది: ఎయిడ్స్ ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్ సెంటర్లు. 1987 నుంచీ నడుస్తున్నాయి. రక్తం గడ్డకట్టని జబ్బుకి ఎక్కించిన మందు వల్ల హెచ్‌ఐవీ సోకి, బడిలోకి రానివ్వక, 1990లో చనిపోయిన ఇండియానా కుర్రాడు రయన్ వైట్ పేరుమీద వచ్చిన చట్టం కిందికి తర్వాత ఇవి చేరాయి. మా టెక్సాస్‌ని, ఇంకో నాలుగు రాష్ట్రాలని కలిపి చూసుకునే కేంద్రం న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో ఉంది. 2003లో సంజీవ్ అరోరా అనే లివర్ డాక్టరు ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టింది కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే. హెపటైటిస్ సి పేషెంట్లు ఆల్బుకర్కీ దాకా రాలేకపోతుంటే, పల్లెల్లో ఉన్న డాక్టర్లనే వీడియోలో కూర్చోబెట్టి, వాళ్ళ కేసులు వాళ్ళచేత చెప్పించి, అందరిముందూ చర్చించి, వైద్యం అక్కడికక్కడే జరిగేట్టు చేశాడాయన. మా హెచ్‌ఐవీ సెషన్లదీ అదే పద్ధతి. పేషెంటు పేరు చెప్పకూడదు, ఊరు చెప్పకూడదు, కేసు చెప్పాలి. దానికితోడు వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవాళ్ళ ఉచిత ఆన్‌లైన్ పాఠాలున్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి నడిచే ఫోన్ సలహా లైను ఉంది. పనిదినాల్లో ఏ డాక్టరైనా ఫోన్ చేసి ఫలానా మందు ఫలానా పేషెంటుకి ఇవ్వొచ్చా అని అడగొచ్చు. కిడ్నీ సగం పోయి, లివర్లో హెపటైటిస్ బి ఉండి, గర్భం కూడా ఉన్న పేషెంటు మీ ముందు కూర్చున్నప్పుడు ఆ లైను విలువ తెలుస్తుంది.

ఇవన్నీ బాగున్నాయి. బాగాలేనిదేదో కూడా చెప్పాలి. నేను కూర్చున్న తొలి క్లాసుల్లో ఒకదాంట్లో "హిస్పానిక్ పేషెంట్లతో మెలగడం" అని ఒక గంట పెట్టారు. స్లైడ్ మీద నాలుగు చుక్కలు: కుటుంబం వీళ్ళకి ముఖ్యం, మగతనం గురించి పట్టింపు, దైవభక్తి, విధిని నమ్మడం. నాకు నవ్వొచ్చింది. ఆ స్లైడ్ మీద హిస్పానిక్ కొట్టేసి గుంటూరు జిల్లా అని రాసినా నడుస్తుంది. నవ్వు తగ్గాక ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ స్లైడ్ విన్న డాక్టరు బయటికొచ్చి ఏం చేస్తాడు? చర్చికెళ్ళే యాభై ఏళ్ళ ఇల్లాలిని, నలుగురు పిల్లల తల్లిని, హెచ్‌ఐవీ టెస్టుకి అడగడు. ఆవిడ సంస్కృతికి ఇబ్బందని మానుకుంటాడు. బరువు తగ్గుతోందంటే థైరాయిడ్ చూస్తాడు, కడుపులోకి కెమెరా వేయిస్తాడు, గొంతులో తెల్లటి పూత కనబడితే షుగరు వల్లే అంటాడు. అలా చాలా చోట్ల తిరిగి, రోగనిరోధక కణాల లెక్క, అంటే సీడీ4 కౌంట్, 200 కంటే బాగా కిందికి పడిపోయాక నా దగ్గరికొచ్చిన ఆడవాళ్ళున్నారు. 13 నుంచి 64 ఏళ్ళ మధ్య అందరికీ, రిస్కు ఉందా లేదా అని చూడకుండా, మామూలు రక్తపరీక్షల్లో భాగంగా ఒక్కసారైనా ఈ టెస్ట్ చెయ్యమని సీడీసీ 2006లోనే చెప్పింది. ఆ తల్లి ఏ డాక్టరు గదిలోనూ ఆ టెస్టుకి వద్దనలేదు. అసలు ఎవరూ అడగలేదు.

అడ్డంకి పేషెంట్ల సంస్కృతి అని మన వృత్తివాళ్ళు రాసుకుంటారు. నేను చూసినంతలో పెద్ద అడ్డంకి డాక్టరు మొహమాటం.

ఈ మొహమాటం నాకు కొత్త కాదు. 2000ల మొదట్లో ఆంధ్రలో గోడల నిండా "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అని ఉండేది, గుర్తుందా? ఊరంతా ఆ ప్రశ్న చదివి నవ్వుకునేది. నేను హౌస్ సర్జన్సీ చేసిన ఆస్పత్రిలో మాత్రం పేషెంటు ముందు ఆ మాట ఎవరూ అనేవారు కాదు. కేసు షీటు మీద హెచ్‌ఐవీకి చాటుమాటగా "రెట్రో పాజిటివ్" అని ఎర్ర ఇంకుతో రాసి, మంచం వరండా చివరికి జరిపేవాళ్ళం. మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకుముందు చెప్పడానికైనా మా దగ్గర ఏముంది? ఇప్పుడు ఉంది. రోజుకొక్క మాత్ర. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, కనిపించనంత తగ్గి, అలాగే నిలబడితే శృంగారం ద్వారా ఇంకొకరికి సోకదు. ఇది ఆశ కాదు, పెద్ద పెద్ద అధ్యయనాల్లో తేలిన సంగతి. ఇరవై ఏళ్ళ కింద ఆ వరండాలో ఈ ఒక్క వాక్యం చెప్పగలిగి ఉంటే ఎలా ఉండేదో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

నిజం చెప్పాలంటే మందుల భాగం నేర్పడం తేలిక. ఇన్సులిన్ యూనిట్లు సర్దగలిగిన డాక్టరు ఇది చెయ్యలేనంటే నేను ఒప్పుకోను. పాజిటివ్ అని తేలిన రోజే రక్తం తీసుకోవాలి: సీడీ4, వైరల్ లోడ్, వైరస్ ఏ మందుకి లొంగదో చెప్పే జీనోటైప్, కిడ్నీ, లివర్, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, టీబీ, ఆడవాళ్ళకి గర్భం టెస్ట్. రిపోర్టుల కోసం వారాలు ఆగక్కర్లేదు. మెదడు పొరల ఇన్ఫెక్షన్ అనుమానం లాంటివి లేకపోతే, బిక్టెగ్రవీర్ మీదో డోల్యూటెగ్రవీర్ మీదో ఆధారపడిన కాంబినేషన్ ఆ రోజే మొదలుపెట్టొచ్చు. ఇదివరకు ప్రెప్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళయితే మాత్రం ఆగి ఫోన్ లైనుకి చెయ్యండి, అక్కడ మందు వేరు.

మేం సెషన్లో ఎక్కువసేపు ఆగేది మా ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కుల దగ్గర. ఇక్కడ షుగరు ఇంటింటా ఉంది. మెట్‌ఫార్మిన్ రోజుకి 2000 మిల్లీగ్రాములు వేసుకునే మనిషికి డోల్యూటెగ్రవీర్ మొదలుపెడితే ఒంట్లో మెట్‌ఫార్మిన్ మోతాదు పెరిగిపోతుంది. రోజుకి 1000కి దించాలి. నగరంలో కూర్చున్న హెచ్‌ఐవీ స్పెషలిస్టు అది షుగరు డాక్టరు చూసుకుంటాడనుకుంటాడు, షుగరు డాక్టరుకి ఈ సంగతే తెలియదు. ఇద్దరూ ఒక్కరే అయితే ఆ సందు ఉండదు. ఫ్యామిలీ డాక్టరుకి ఈ పని ఎందుకు అని అడిగినవాళ్ళకి నేను ఈ మాత్రనే చూపిస్తాను.

ఇంకోటి నది అవతలి మందుల షాపులు. వంతెన నడిచి దాటితే మెక్సికోలోని నువో ప్రోగ్రెసో ఊరు. ఆ వీధిలో ఫార్మసీలు, పళ్ళ డాక్టర్లు, కళ్ళజోళ్ళు, మళ్ళీ ఫార్మసీలు. దాటలేనివాళ్ళకి దాటగలిగిన చుట్టాలు తెచ్చిపెడతారు. "మందులేమైనా వాడుతున్నారా?" అంటే లేదంటారు. ఎందుకంటే డాక్టరు రాసినదే వాళ్ళ లెక్కలో మందు. సంచీ బోర్లించమంటే మెలాక్స్ సీసా బయటపడుతుంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందు అది. హెచ్‌ఐవీ మాత్రతో కలిపి తాగితే మాత్ర ఒంటికి పట్టదు, గంటల ఎడం ఇవ్వాలి. మోకాళ్ళ నొప్పులకి ఆర్ట్రి కింగ్ డబ్బా కనబడుతుంది. మూలికల సప్లిమెంట్ అని అమ్ముతారు. లేబుల్ మీద చెప్పని డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ అందులో ఉన్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. కోబిసిస్టాట్ ఉన్న హెచ్‌ఐవీ కాంబినేషన్ వాడేవాళ్ళలో ఆ స్టెరాయిడ్ బయటికి పోక పేరుకుంటుంది. మొహం ఉబ్బుతుంది, షుగరు ఎగబాకుతుంది, డాక్టరు ఇన్సులిన్ పెంచుకుంటూ పోతాడు. న్యూరోబియాన్ సూది సంగతి తెలుగువాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. ఇక్కడా అదే పేరు, నీరసానికి అదే నమ్మకం.

మందుల దగ్గర ఆగాను కాబట్టి ఒక కడుపుమంట కూడా చెప్పేస్తాను. బిక్టెగ్రవీర్ మాత్రల అసలు ధర ఇక్కడ నెలకి దాదాపు 4,000 డాలర్లు. డోల్యూటెగ్రవీర్ కాంబినేషన్‌ని పేద దేశాలకి ఏడాదికి సుమారు 75 డాలర్లకి ఇస్తామని 2017లో ఒప్పుకున్న రెండు కంపెనీల్లో ఒకటి మన హైదరాబాద్ అరబిందో. పేదలకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ని టెక్సాస్ విస్తరించలేదు. ఇన్సూరెన్స్ లేనివాళ్ళ శాతంలో దేశంలోనే ముందుంది. కాబట్టి మా క్లాసులో ఒక గంట పూర్తిగా కాయితాల మీదే పోతుంది. రాష్ట్రం నడిపే హెచ్‌ఐవీ మందుల పథకానికి అప్లికేషన్ ఎలా పెట్టాలి, కూలి డబ్బు చేతికి తీసుకునేవాడికి జీతం రసీదు ఎక్కడ్నుంచి తేవాలి, అది ఆలస్యమైతే ఈలోపు కంపెనీ సహాయ కార్యక్రమంలోంచి సీసా ఎలా తెప్పించాలి. డాక్టర్లకి ఈ గంట విసుగు. నాకు మాత్రం ఇది ఫార్మకాలజీ కంటే ముఖ్యం. మాత్ర పేరు తెలిసీ అది పేషెంటు చేతికి చేరే దారి తెలియకపోతే ఏం లాభం?

భయాలు కూడా కాయితాలవే. రయన్ వైట్ పథకం ఇమిగ్రేషన్ స్టేటస్‌ని అర్హతకి షరతుగా పెట్టలేదు. అయినా టీవీలో ఒక వార్త వస్తే చాలు, మర్నాడు మా వెయిటింగ్ రూమ్ సగం ఖాళీ. హెచ్‌ఐవీ ఉంటే గ్రీన్‌కార్డు రాదని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. ఒకప్పుడు అది నిజమే. 2010 జనవరి 4 నుంచి ఆ నిషేధం లేదు. ఈ ఒక్క సంగతి చెప్తే భుజాలు దిగిన పేషెంట్లను చూశాను. (హెచ్-1బీ మీదున్న మన పిల్లలూ ఇదే భయంతో టెస్టు చేయించుకోరు. చదువుతున్నవాళ్ళుంటే: ఆ నిషేధం పోయి చాలా కాలమైంది.)

ఇప్పుడు కష్టమైన భాగం, అడగడం. లైంగిక చరిత్ర తీసుకోవడానికి పద్ధతి ఉంది. ఎవరితో, ఎలా, జాగ్రత్తలేమిటి, ఇదివరకు ఏ జబ్బులొచ్చాయి, పిల్లలు కావాలనుకుంటున్నారా, ఇంతే. కాయితం మీద రెండు నిమిషాల పని. జంటలుగా కూర్చోబెట్టి, ఒకరు డాక్టరు ఒకరు పేషెంటుగా, స్పానిష్‌లో చేయిస్తాం. వింతేమిటంటే ఎక్కువ తడబడేది వ్యాలీలో పుట్టి పెరిగిన రెసిడెంట్లు, అంటే ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్లు. వాళ్ళకొచ్చింది అమ్మమ్మ వంటింటి స్పానిష్. వైద్యమంతా ఇంగ్లిష్‌లో చదువుకున్నారు. అమ్మమ్మతో మాట్లాడిన భాషలో, అమ్మమ్మ వయసావిడని ఈ ప్రశ్నలు అడగడానికి నోరు రాదు. మధ్యలో ఇంగ్లిష్‌లోకి జారిపోతారు. నాలాగా స్పానిష్‌ని క్లాసులో నేర్చుకున్నవాళ్ళకి ఆ ఇబ్బంది తక్కువ. నన్నెవరైనా తెలుగులో అడగమంటే మాత్రం నేనూ అలాగే నీళ్ళు నములుతాను.

మన డాక్టర్లకి ఇంకో అలవాటుంది. "పెళ్ళయిందా?" అంటారు. అయిందంటే పేజీ తిప్పేస్తారు. పెళ్ళాం పిల్లలున్న మగవాడు మగవాళ్ళతో కూడా ఉండొచ్చు, తనని తాను ఏ పేరుతోనూ పిలుచుకోకపోవచ్చు. కొత్త కేసుల్లో ఎక్కువ భాగం మగవాళ్ళ మధ్య సంబంధాల వల్ల వస్తున్నవే. "మీరు గేనా?" అని అడిగితే కాదంటాడు, అది అబద్ధం కూడా కాదు. "మీరు ఆడవాళ్ళతోనా, మగవాళ్ళతోనా, ఇద్దరితోనా?" అని, వాతావరణం గురించి అడిగినంత మామూలుగా అడగాలి. ముందు "ఇది నా దగ్గరికొచ్చే అందరినీ అడుగుతాను" అనాలి, నిజంగానే అందరినీ అడగాలి. కూతుర్ని బయట కూర్చోబెట్టాలి. ఇంటర్‌ప్రెటర్‌గా పదేళ్ళ పిల్లని వాడుకోవడం రూల్‌ప్రకారం కూడా తప్పే, ఐనా రద్దీగా ఉన్న మంగళవారం మధ్యాహ్నం ఎన్ని క్లినిక్కుల్లో జరుగుతుందో నాకు తెలుసు.

డాక్టరు ఒక్కడికి నేర్పితే సరిపోదని కూడా అర్థమైంది. ఫ్రంట్ డెస్క్ అమ్మాయి పేషెంటు భార్యకి వేలువిడిచిన చుట్టం కావచ్చు. ల్యాబ్ రిపోర్టు గురించి హాల్లో నిలబడి గట్టిగా చెప్పే మెడికల్ అసిస్టెంట్ ఉండొచ్చు. ఇన్సూరెన్స్ ఉన్న కుర్రాడికి ప్రెప్ రాస్తే, వివరాల ఉత్తరం పాలసీ ఎవరి పేరున ఉందో ఆ నాన్నకి పోతుంది. అందుకే సెషన్‌కి అందరినీ రమ్మంటాం, ప్రోమోతోరాలతో సహా. ప్రోమోతోరాలంటే కొలోనియాల్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు. మన ఆశా వర్కర్లు చేసే పని. నేను విన్న మంచి ప్రశ్నలు చాలావరకు వాళ్ళవే. ఒకావిడ అడిగింది: "ఎనిమిదిమంది ఉండే ట్రైలర్ ఇంట్లో ఈ సీసా ఎక్కడ దాస్తాడు డాక్టరమ్మా?" గదిలో ఉన్న డాక్టర్లెవరికీ ఆ ఆలోచనే రాలేదు. అప్పటినుంచీ కొత్త పేషెంటుకి మాత్ర రాసేముందు ఎక్కడ పెట్టుకుంటారని అడగడం మా ఫారంలో చేరింది. కొందరు విటమిన్ సీసాలోకి మార్చుకుంటారు. కొందరు పనిచేసే చోట లాకర్లో పెట్టుకుంటారు. దాచలేనివాళ్ళకి రెండు నెలలకోసారి వేసే ఇంజెక్షన్లు వరం, కానీ సూది తేదీ తప్పకూడదు, ఉల్లి కోతలకి వేరే కౌంటీకి పోయేవాళ్ళతో అది పెద్ద టెన్షన్.

సెషన్లు భోజన విరామంలో పెడతాం, ఎందుకంటే పేషెంట్లను ఆపి నేర్చుకునే టైము ఏ మేనేజరూ ఇవ్వడు. సగంమంది కెమెరా ఆపేసి, టాకో తింటూ పొద్దుటి చార్టులు పూర్తిచేసుకుంటుంటారు. వినీ వినకుండా సర్టిఫికెట్ తీసుకునేవాళ్ళని నేను తప్పుపట్టను; రోజుకి ఇరవైమందికి పైగా చూసే మనిషి ఎంతని వింటాడు? తేడా కనిపించేది తన సొంత కేసు తెచ్చినవాళ్ళలోనే. ఒక్కసారి అందరిముందూ కేసు చెప్పిన డాక్టరు ఆ పేషెంటుని వదిలిపెట్టడు. ఫాలో-అప్ రిపోర్టు చెప్పడానికైనా మళ్ళీ వస్తాడు.

వచ్చే సెషన్‌లో లెనకపవీర్ గురించి మాట్లాడాలి. ఆరునెలలకోసారి వేసే ప్రెప్ ఇంజెక్షన్ అది, ఎఫ్‌డీఏ 2025 జూన్‌లో అనుమతించింది. సూది మీద ఇంత నమ్మకమున్న ఊళ్ళో దానికి గిరాకీ ఉంటుంది, ధర ఎవరు భరిస్తారన్నది తేలాలి అంతే. దానికంటే నేను ఎదురుచూస్తున్నది కేసు కోసం. పాజిటివ్ రిపోర్టు కనబడగానే రిఫరల్ రాసేసే కుర్ర డాక్టరొకడు, మా కడప జిల్లావాడే, ఈసారి తనే చెప్తానని ఫారం పంపాడు. నలభై ఏళ్ళ ప్యాకింగ్ షెడ్ కూలీ, షుగరుంది, కాయితాలు లేవు, మందు ఆ రోజే మొదలుపెట్టేశాడు. మందుల జాబితా దగ్గర "నది అవతల కొన్నవి" అని మా ఫారంలో లేని గడి ఒకటి తనే గీసుకుని, మెలాక్స్ అని రాశాడు. మాత్ర ఎక్కడ పెట్టుకుంటాడో కూడా రాశాడు. మెట్‌ఫార్మిన్ మాత్రం ఇంకా 2000 దగ్గరే ఉంది. గురువారం సెషన్ దాకా ఆగడం కుదరదు, ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పాలి.